అలెకా హమ్మండ్‌ను ఏ లెక్కన చూడాలి? యురేనియం ఓటు మీద చర్చ

కృష్ణాతీరం:
ఈమధ్య గ్రీన్‌లాండ్ పేరు వస్తే చాలు, అమెరికా దాన్ని తీసుకుంటుందా లేదా అన్నదే మాట. డెన్మార్క్ కింద స్వపరిపాలన ఉన్న ఆ దీవిలోని 57 వేల మంది ఏం కోరుకున్నారు, వాళ్ళ నాయకులు ఏం చేశారు అన్నది మనవాళ్ళు పెద్దగా మాట్లాడుకోలేదు. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

అలెకా హమ్మండ్ 1965లో దక్షిణ గ్రీన్‌లాండ్‌లోని నర్సాక్‌లో పుట్టారు, ఉత్తరాన ఉమ్మన్నాక్‌లో పెరిగారు. ఏడేళ్ళ వయసులో, వేటకు వెళ్ళిన తండ్రి మంచు విరిగి చనిపోయారు. సియుముట్ పార్టీలో ఎదిగి 2013 ఏప్రిల్‌లో ప్రధాని అయ్యారు, ఆ దేశానికి తొలి మహిళా ప్రధాని. డెన్మార్క్ నుంచి స్వాతంత్ర్యం తన జీవితకాలంలోనే చూస్తానని చెప్పేవారు. అదే ఏడాది అక్టోబర్ 24న, 1988 నుంచి అమల్లో ఉన్న యురేనియం తవ్వకాల నిషేధాన్ని గ్రీన్‌లాండ్ పార్లమెంటులో ఎత్తేయించారు. 15 ఓట్లు అటు, 14 ఇటు.

ఆమె పదవి పోయింది మాత్రం 2014లో, సొంత ప్రయాణాలకూ హోటళ్ళకూ ప్రభుత్వ డబ్బు వాడారన్న వివాదంలో. అందరూ దాన్నే గుర్తుపెట్టుకున్నారు. నా ఉద్దేశంలో అంతకన్నా పెద్ద తప్పు ఆ ఒక్క ఓటు తేడాతో తీసుకున్న నిర్ణయం. నర్సాక్ పక్కనే క్వానెఫ్యెల్డ్ కొండ ఉంది. అందులో రేర్ ఎర్త్ ఖనిజాలూ (ఎలక్ట్రానిక్ వస్తువుల్లో వాడే లోహాలవి) యురేనియమూ ఒకే రాయిలో కలిసి ఉంటాయి, ఒకటి తవ్వితే రెండోదీ బయటికొస్తుంది. వ్యర్థాలు ఊరికి ఎగువన ఉన్న టాసెక్ సరస్సులో వేయాలన్నది అక్కడ గని తవ్వాలనుకున్న కంపెనీ ప్లాన్. పార్లమెంటులో దాదాపు సగం మంది వద్దంటున్న పని అది. ఇంకొన్నాళ్ళు ఆగి జనాన్ని ఒప్పించాల్సింది.

నల్లరేగడి:
కృష్ణాతీరం గారూ, మీరు ఓట్లు లెక్కపెట్టారు గానీ డబ్బు లెక్క వదిలేశారు. 2009 స్వపరిపాలన చట్టం ప్రకారం డెన్మార్క్ ఏటా దాదాపు 340 కోట్ల క్రోనర్లు (డెన్మార్క్ కరెన్సీ) ఇస్తుందన్నది మొదటి లెక్క. ధరలను బట్టి అది పెరుగుతూ వస్తోంది. ప్రభుత్వ ఆదాయంలో సుమారు సగం అదే. సొంత సంపాదన ఎక్కువగా చేపలూ రొయ్యల మీదే, ఎగుమతుల్లో 90 శాతం పైగా అవే. ఒక ఏడాది రొయ్యల ధర పడిపోతే బడ్జెట్ మొత్తం టెన్షన్‌లో పడుతుంది. ఇలాంటి దేశం స్వతంత్రంగా నిలబడాలంటే ఇంకో ఆదాయం కావాలి కదా?

ఆ చట్టంలో ఇంకో మెలిక ఉంది. ఖనిజాల మీద ఏటా ఏడున్నర కోట్ల క్రోనర్లకు మించి ఆదాయం వస్తే, ఆ పైమొత్తంలో సగం మేరకు డెన్మార్క్ సాయం తగ్గుతుంది. అంటే గనులు బాగా పండితే డెన్మార్క్ మీద ఆధారం దానంతటదే తగ్గుతూ పోతుంది. ఆ దారిని వాడుకుందామని ధైర్యంగా ముందుకొచ్చిన నాయకురాలు ఆమె. నిషేధం ఎత్తేస్తామని ఎన్నికల ముందే చెప్పారు. సియుముట్‌కు 14 సీట్లు వచ్చాయి. చెప్పిన పనే చేశారు.

ఇక ఓటు తేడా అంటారా, 2021 నవంబర్‌లో యురేనియం తవ్వకాన్ని మళ్ళీ నిషేధించిన చట్టం 12–9తో గెలిచింది. సభలో మొత్తం 31 మంది. మరి దానికీ మెజారిటీ చాలలేదనాలి కదా!

పాలమూరు పిల్ల:
మాది నల్లమలకు దగ్గర ఊరు, అందుకే ఈ చర్చ పట్టించుకుని చదువుతున్నా. 2019లో యురేనియం తవ్వకాలు వద్దని మా దగ్గర ఎంత ఆందోళన జరిగిందో మీకు తెలుసు. తెలంగాణ అసెంబ్లీ తీర్మానం కూడా చేసింది. కానీ అణు ఖనిజాలు కేంద్రం చేతిలో ఉంటాయి కాబట్టి, తీర్మానం చేసి కేంద్రాన్ని అడగడం వరకే రాష్ట్రం పని. గ్రీన్‌లాండ్‌లో ఖనిజాల మీద హక్కు 2010 నుంచి రాజధాని నూక్‌లోని సొంత ప్రభుత్వానిదే. యురేనియం ఎగుమతి దగ్గరకొచ్చేసరికి మాత్రం అది విదేశీ, భద్రతా వ్యవహారమని డెన్మార్క్ అడ్డుపడింది. రెండు ప్రభుత్వాలకూ ఒప్పందం కుదిరేసరికి 2016 వచ్చింది. హమ్మండ్ గారు ఆ ఓటు పెట్టించడం వల్లే, ఎవరి హక్కు ఎంతవరకు అన్నది తేలింది. గని నాకిష్టం లేదు. కానీ మా భూమి గురించి మేమే తేల్చుకుంటాం అని నిలబడటం నాకు నచ్చింది.

కృష్ణాతీరం:
నల్లరేగడి గారూ, 12–9 సంగతి బాగా పట్టుకున్నారు. అయినా రెండూ ఒకటే అంటే ఒప్పుకోను. నిషేధం పెడితే రేపు ఇంకో సభ తీసేయొచ్చు. సరస్సులో వ్యర్థాలు పోశాక వాటిని వెనక్కి తెచ్చే సభ ఏదీ ఉండదు. వెనక్కి తీసుకోలేని పనికి ఎక్కువ మంది ఒప్పుకోలు కావాలి.

పైగా 2021 ఏప్రిల్ ఎన్నిక దాదాపు ఈ గని మీదే జరిగింది. గని వద్దన్న ఇనుయిట్ అతాకతిగీట్ పార్టీకి 12 సీట్లు వచ్చాయి, మ్యూటె ఎగెడె ప్రధాని అయ్యారు. ఆయన పెరిగిందీ నర్సాక్‌లోనే. ఆ చుట్టుపక్కల గొర్రెలు మేపుకునేవాళ్ళున్నారు, గ్రీన్‌లాండ్‌లో వ్యవసాయమంటూ ఉన్నది ఆ దక్షిణ కొసలోనే. దుమ్ము గడ్డి మీద పడితే ఎలా అని వాళ్ళడిగితే, స్వాతంత్ర్యం వస్తుందన్నది జవాబు కాదు.

ఆ తర్వాత కంపెనీ నష్టపరిహారం కావాలని కేసు వేసింది. అడిగిన మొత్తం ఆ దేశపు ఏడాది బడ్జెట్‌కు ఎన్నో రెట్లు. 2013లో తలుపు తెరవకపోతే ఆ బెదిరింపు ఇంత దూరం వచ్చేదా?

శ్రావణమేఘం:
మీ ఇద్దరూ గని దగ్గరే ఆగిపోయారు. నా మటుకు ఆమె చేసిన అసలు పని సయోధ్య కమిషన్. వలస పాలన మిగిల్చిన గాయాల గురించి జనం బహిరంగంగా మాట్లాడుకోవాలని 2014లో ఆమె ప్రభుత్వం దాన్ని వేసింది. డెన్మార్క్ ప్రధాని హెలె తోర్నింగ్ ష్మిట్ తమకు అలాంటి అవసరం లేదని పక్కకు తప్పుకున్నారు. అక్కడి పత్రికల్లో చాలామంది దీన్ని ఓట్ల కోసం చేసే పని అన్నారు.

తర్వాత ఏమైందో చూడండి. 1951లో 22 మంది గ్రీన్‌లాండ్ పిల్లల్ని ఇళ్ళ నుంచి డెన్మార్క్ తీసుకెళ్ళి డేనిష్ పిల్లల్లా మార్చాలని చూశారు. దానికి 2020లో డెన్మార్క్ ప్రధాని క్షమాపణ చెప్పారు. 1960ల నుంచి వేలమంది ఆడవాళ్ళకూ అమ్మాయిలకూ, చాలామందికి తెలియకుండానే, గర్భం రాకుండా లూప్ వేశారు. దానికి 2025లో డెన్మార్క్ ప్రధాని మెటె ఫ్రెడరిక్సన్ నూక్‌కు వచ్చి మరీ క్షమాపణ చెప్పారు. ఇదంతా హమ్మండ్ వల్లే అని నేననను. ఆ ఆడవాళ్ళు స్వయంగా గొంతెత్తారు, ఘనత వాళ్ళది. కానీ అడగడమే తప్పన్నట్టు చూసిన రోజుల్లో ప్రధాని కుర్చీలో కూర్చుని అడిగింది ఆమె.

డబ్బు విషయంలో మాత్రం ఆమెను సమర్థించలేను. 2014లో లక్ష క్రోనర్లకు పైగా లెక్క తేలింది, తిరిగి కట్టారు. అయినా 2016లో, డెన్మార్క్ పార్లమెంటు సభ్యురాలిగా ఉండగా, ఆ పార్లమెంటు ఇచ్చిన క్రెడిట్ కార్డును సొంతానికి వాడారని సియుముట్టే ఆమెను బయటకు పంపింది. ఒకసారి పదవి పోగొట్టుకున్నాక రెండోసారి అదే జరిగితే నమ్మినవాళ్ళు ఏం చెప్పుకోవాలి?

నల్లరేగడి:
శ్రావణమేఘం గారూ, ఆ మాట నిజం, నాకూ బాధే. కానీ అదే సియుముట్ 2025 మార్చి ఎన్నికల్లో నాలుగు సీట్లకు పడిపోయాక, జూన్‌లో ఆమెనే పార్టీ అధ్యక్షురాలిగా ఎన్నుకుంది. ఖర్చుల సంగతి తెలియక కాదు, అన్నీ తెలిసే పిలిచారు. గని వద్దు, సాయమూ వద్దు, స్వాతంత్ర్యం మాత్రం కావాలి అనేవాళ్ళు ఆ 340 కోట్లు ఎక్కడి నుంచి తెస్తారో చెప్పమని నేను మొదటి నుంచీ అడుగుతున్నాను. కృష్ణాతీరం గారూ, దానికి మీ జవాబు ఇంకా రాలేదు.