కృత్రిమ కాలితో తిరగబోతే తూలుతున్నారు

మా నాన్నకు 61 ఏళ్లు. షుగర్ వల్ల కుడికాలు మోకాలి కింద తీసేసి 7 నెలలైంది, కృత్రిమ కాలు పెట్టి 3 నెలలు. తిన్నగా నడిస్తే ఇబ్బంది లేదు. కుడివైపు తిరగబోతే వెనక్కి లాగినట్టుంటుందట. 15 రోజుల్లో రెండుసార్లు పడ్డారు, రెండూ వంటింటి గడప దగ్గరే.

సాకెట్ (కృత్రిమ కాలిలో మిగిలిన కాలు దూర్చే భాగం) వదులైందేమోనని లోపల ఇంకో సాక్సు వేశాం, తేడా లేదు. ఫిజియో చెప్పినట్టు రోజూ 10 నిమిషాలు గోడ పట్టుకుని, బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకు మారుస్తున్నారు. అయినా కుడికాలి మీద 3 సెకన్లు నిలవలేరు.

కాలు అమర్చినప్పుడు బూట్లతో నడిపించి చూశారు. ఇంట్లో మాత్రం ఉత్త కాళ్లతోనే తిరుగుతారు (చెప్పులు వేసుకోమంటే వింటేగా!). ఇలాంటి కాలు వాడేవాళ్లు చెప్పండి, బూట్లకీ ఉత్త కాలికీ ఉండే మడమ ఎత్తు తేడా వల్లే ఇలా తూలుతున్నారా?