పెయింట్ వేసిన ప్లైవుడ్ గోడ మీద వినైల్ పొద్దుటికల్లా లేచిపోతోంది

హైదరాబాద్‌లో ఎగ్జిబిషన్ స్టాళ్లకు వినైల్ (వెనక జిగురుండే ప్లాస్టిక్ షీట్) ప్రింటింగ్, ఫిక్సింగ్ రెండూ మేమే చూసుకుంటాం. ఆక్టోనార్మ్ (అల్యూమినియం ఫ్రేముల్లో బిగించే రెడీమేడ్) ప్యానెళ్ల మీద ఏ గొడవా లేదు. ప్లైవుడ్‌తో కట్టిన గోడల దగ్గరే చిక్కంతా.

గోడ 6 మీటర్ల వెడల్పు, 8 అడుగుల ఎత్తు. ప్లై మీద లప్పం, పైన తెల్ల ఎమల్షన్. ఎకో సాల్వెంట్ ఇంకుతో ప్రింట్, 100 మైక్రాన్ల మోనోమెరిక్ (చవక రకం) వినైల్, మ్యాట్ ల్యామినేషన్. 4 అడుగుల షీట్లు, అతుకు దగ్గర 10 మి.మీ. ఓవర్‌ల్యాప్. సాయంత్రం పెయింటు పూర్తవుతుంది, అర్ధరాత్రి దాటాక అతికిస్తాం. అప్పుడు హాల్లో ఏసీ ఉండదు. పొద్దున్న ఏసీ వేశాక గంటా రెండు గంటల్లో అతుకులూ, కింది మూలలూ చుట్టుకుపోవడం మొదలు. లేచిన ముక్క తిప్పి చూస్తే జిగురంతా సన్నటి తెల్లపొడి. కొన్నిచోట్ల పెయింటు పొరే ఊడొచ్చింది.

ప్రింట్‌ను 24 గంటలు ఆరనిచ్చి ల్యామినేట్ చేశాం. అంచులకు హీట్ గన్ పెట్టి స్క్వీజీతో గట్టిగా రుద్దాం. గోడను ఇసుక కాగితంతో రుద్ది, పొడిగుడ్డతో తుడిచాం. వినైల్ కంపెనీ మార్చాం. తేడా లేదు. అంచుల కింద డబుల్ సైడ్ టేప్ వేస్తే ఆగింది గానీ, స్పాట్ లైట్ పడగానే గట్టు కట్టినట్టు కనిపిస్తోంది, క్లయింట్ ఒప్పుకోలేదు. సన్‌బోర్డ్ (గట్టి ఫోమ్ షీట్) మీద అతికించి బిగిద్దామన్నా జాయింట్లు కనపడతాయంటారు.

పెయింటు ఆరడానికి 5–6 గంటలే దొరికే చోట, షో జరిగే 3 రోజులూ వినైల్ నిలబడాలంటే ఎమల్షన్ బదులు గానీ, దాని పైన గానీ మీరు ఏ కోటింగ్ వేస్తున్నారు?