ఆదాయం పెరిగితే వైద్యం ఖర్చు వాటా కూడా ఎందుకు పెరుగుతుంది?

కృష్ణలంక_కుర్రాడు:
ఎకనామిక్స్ తెలిసినవాళ్లు చెప్పండి. ఇంట్లో ఆదాయం పెరిగేకొద్దీ అందులో తిండికి పోయే వాటా తగ్గుతుంది కదా, మరి దేశాల వైద్యం ఖర్చు దీనికి తలకిందులుగా ఉందేంటి? అమెరికా జీడీపీలో దాదాపు 17 శాతం, జపాన్‌లో 11 దాకా, మన దగ్గర ప్రభుత్వం, జనం పెట్టేదంతా కలిపినా 4 లోపే. డబ్బున్న దేశాలకి జబ్బులెక్కువా?

లెక్కల_మాస్టారు:
జబ్బులు కాదండీ. 1977లో న్యూహౌస్ అనే ఆర్థికవేత్త 13 దేశాల లెక్కలు తీస్తే, తలసరి వైద్యం ఖర్చులో తేడాలు 90 శాతానికి పైగా తలసరి ఆదాయంతోనే తేలిపోయాయి. నా దృష్టిలో పెద్ద కారణం జీతాలు. ఫ్యాక్టరీలో మిషన్లొచ్చాక ఒక్కడే పదిమంది పని చేస్తాడు గానీ ఐసీయూలో నర్సు ఇప్పటికీ ఒకరిద్దరినే చూడగలదు, అయినా బయట జీతాలు పెరిగితే ఆమెకీ పెంచాల్సిందే. కొత్త మందులు, స్కానింగులు సరేసరి.

న్యూజెర్సీ_బావ:
మాస్టారూ, అమెరికా సంగతి ఆదాయంతో తేలదు. మాలాగే డబ్బున్న స్విట్జర్లాండ్ 12 శాతం దగ్గరే ఉంది. ఇక్కడ జబ్బంతా ధరల్లో ఉంది. జపాన్‌వాళ్లు మాకంటే చాలా ఎక్కువసార్లు డాక్టర్ దగ్గరికి వెళ్తారు, కానీ అక్కడ ప్రతి టెస్టుకీ దేశమంతా ప్రభుత్వం కట్టిన రేటే, రెండేళ్లకోసారి సవరిస్తారు. ఇక్కడ అదే ఆస్పత్రిలో అదే ఎంఆర్ఐకి ఒక్కో ఇన్సూరెన్స్‌కి ఒక్కో రేటు. ఇంత పోసినా ఇక్కడ సగటు ఆయుష్షు 78-79, జపాన్‌వాళ్లది 84.

పల్లె_ఫార్మసిస్ట్:
ఎంత ఖర్చన్నది ఆదాయం తేలుస్తుందేమో గానీ, ఎవరు కడుతున్నారన్నది ప్రభుత్వం తేల్చుకోవాలి. మన దేశంలో మొత్తం వైద్యం ఖర్చులో జనం జేబులోంచి పెట్టేది 2013-14లో 64 శాతం, 2021-22కి 39కి దిగింది, సంతోషమే. ప్రభుత్వాల వాటా మాత్రం జీడీపీలో 2 శాతం కూడా లేదు, 2025కల్లా 2.5 చేస్తామని 2017 పాలసీలో రాసుకున్నారు. ఆరోగ్యశ్రీ వచ్చాక ఆపరేషన్ల భయం తగ్గింది, నిజమే. కానీ నా కౌంటర్ దగ్గర షుగర్ మాత్రలు నెలకి రాసిస్తే పది రోజులకే కొనుక్కుని, మిగతావి కూలి డబ్బులొచ్చాక తీసుకుంటామనేవాళ్లు రోజూ కనిపిస్తారు.

కృష్ణలంక_కుర్రాడు:
మరి బీద దేశం అంత డబ్బు ఎక్కడ తెస్తుంది?

పల్లె_ఫార్మసిస్ట్:
థాయ్‌లాండ్ చూడండి. బాగా డబ్బొచ్చేదాకా ఆగలేదు, ఆస్పత్రికి వెళ్లిన ప్రతిసారీ 30 బాట్‌లు (బాట్ అక్కడి కరెన్సీ) కడితే చాలనే పథకం 2002 నాటికే దేశమంతా పెట్టేసింది. డబ్బు మామూలు పన్నుల్లోంచే. ఓపీకి ఆస్పత్రికి బిల్లు చూసి కాకుండా, దాని కింద పేరు నమోదైన ఒక్కో మనిషి లెక్కన ఏడాదికి ఇంత అని ఇస్తారు, కాబట్టి అక్కర్లేని టెస్టులు రాస్తే నష్టం ఆస్పత్రికే.