స్ట్రింగ్‌లో 0.92 వచ్చింది, అంటే గట్టిగా అతుక్కున్నట్టేనా?

తిరుపతి_ఎమ్మెస్సీ: బయోటెక్నాలజీ రెండో ఏడాది. ప్రాజెక్టుకు ల్యాబ్ పని లేదు, అంతా ల్యాప్‌టాప్ మీదే. నా రెండు ప్రోటీన్లను స్ట్రింగ్‌లో (ప్రోటీన్ల మధ్య సంబంధాలు చూపే డేటాబేస్) వేస్తే స్కోరు 0.92 వచ్చింది. రెండూ గట్టిగా అతుక్కుంటాయని రిపోర్టులో రాసేసినా. సోమవారం గైడుకు చూపించాల. సరిపోతుందా?

శేషాచలం: ముందు ఆ వాక్యం తీసెయ్యమ్మా. ఆ స్కోరు అతుకు ఎంత గట్టిదో చెప్పదు. రెండింటికీ సంబంధం ఉందని ఎంతవరకు నమ్మొచ్చో చెబుతుంది. 0.7 దాటితే బాగా నమ్మొచ్చు, 0.9 దాటితే ఇంకా ఎక్కువ. అయితే సంబంధం అంటే తాకడమే కానక్కర్లేదు, ఒకే పనిలో చెయ్యి వేసినా స్ట్రింగ్ బొమ్మలో రెండింటి మధ్యలో గీత పడుతుంది. ఆ గీత మీద నొక్కు. ప్రయోగాల వాటా ఎంత, టెక్స్ట్‌మైనింగ్ (పేపర్లలోని మాటలను కంప్యూటర్‌తో వెతకడం) వాటా ఎంత అని విడివిడిగా కనిపిస్తుంది. రెండు పేర్లూ పేపర్లలో పదేపదే పక్కపక్కన వచ్చినా స్కోరు పెరుగుతుంది. తర్వాత సెట్టింగ్స్‌లో ఫిజికల్ సబ్‌నెట్‌వర్క్ పెట్టి చూడు, భౌతికంగా కలిసుండేవాటి గీతలే మిగులుతాయి.

తిరుపతి_ఎమ్మెస్సీ: చూసినా అన్నా. ప్రయోగాల దగ్గర ఏమీ లేదు, దాదాపు అంతా టెక్స్ట్‌మైనింగే. ఫిజికల్ పెడితే గీతే మాయమైంది. రెండు వారాల పని.

పాకాల_పిల్లోడు: బాధపడొద్దు అక్కా, నేనూ పోయినేడు ఇదే తప్పు చేసినా. ఇంటాక్ట్, బయోగ్రిడ్ డేటాబేస్‌లలో వెతుకు. రెండూ కలుస్తాయని ఏ ల్యాబ్ ప్రయోగంతో పట్టుకున్నారు, ఈస్ట్ టూ హైబ్రిడ్‌తోనా, పుల్‌డౌన్‌తోనా అన్నది పేపరుతో సహా ఉంటుంది.

చిత్తూరు_రీసెర్చ్: డాకింగ్ (రెండు ప్రోటీన్లు ఎట్లా అతుక్కుంటాయో కంప్యూటర్‌లో కలిపి చూడడం) కూడా చేస్తావు కదా? నీ జంటను వెయ్యకముందు జవాబు తెలిసిన జంటతో సర్వర్‌ను పరీక్షించు. నేను బార్నేజ్, బార్‌స్టార్ అనే ప్రోటీన్ల జంట వాడతా. రెండూ కలిసిన నిర్మాణం పీడీబీలో (ప్రోటీన్ నిర్మాణాల డేటాబేస్) 1బీఆర్‌ఎస్ పేరుతో ఉంది. కాకపోతే దాన్నే విడదీసి మళ్ళీ కలపమంటే అది మరీ సులువు. విడివిడిగా తీసిన నిర్మాణాలతో వేస్తేనే అసలు పరీక్ష.

డాకింగ్ సర్వర్లలో క్లస్‌ప్రోకు అకౌంట్ అక్కర్లేదు. అది మోడళ్ళను ఎనర్జీని బట్టి కాదు, ఒకేలా ఉన్న మోడళ్ళ గుంపు ఎంత పెద్దదన్న దాన్ని బట్టి వరుస పెడుతుంది. ఎనర్జీ అంకె చూసి మురిసిపోవద్దు. ఏ అమైనో ఆమ్లాలు తాకుతాయో ప్రయోగాల వల్ల ముందే తెలిస్తే హ్యాడాక్ అనే సర్వర్ మేలు, ఆ సమాచారాన్ని వాడుకుంటుంది. దానికి రిజిస్టర్ కావాల.

శేషాచలం: ప్రోటీన్ల నిర్మాణాన్ని అంచనా వేసే ఆల్ఫాఫోల్డ్ సర్వర్‌లో కూడా వెయ్యి. ఐపీటీఎం (ప్రోటీన్లు కలిసిన తీరును ఎంత నమ్మొచ్చో చెప్పే స్కోరు) 0.8 దాటితే నమ్మొచ్చు. 0.6 లోపు వస్తే ఆ మోడల్ బహుశా తప్పే. మధ్యలో వస్తే ఎటూ చెప్పలేం. జాబ్ నడిచేది వాళ్ళ యంత్రాల మీద కాబట్టి మనకు కరెంటు పోయినా ఆగదు.

తిరుపతి_ఎమ్మెస్సీ: రాత్రంతా కూర్చున్నా. బార్నేజ్ జంట క్లస్‌ప్రోలో మొదటి మోడల్‌కే సరిగ్గా కుదిరింది. నా జంటకు ఐపీటీఎం 0.41. అంటే అతుక్కోవని రాయాలా?

చిత్తూరు_రీసెర్చ్: అట్లా కూడా రాయొద్దు. తక్కువ వచ్చిందంటే ఆ మోడల్‌ను నమ్మలేమనే. మధ్యలో మూడో ప్రోటీన్ ఏదైనా కలిపి పట్టుకుంటుందేమో స్ట్రింగ్ నెట్‌వర్క్‌లో చూసినావా?

తిరుపతి_ఎమ్మెస్సీ: ఒకటుండాది అక్కా! రెండింటితోనూ పుల్‌డౌన్ ఆధారం ఉంది. మూడింటినీ కలిపి ఇప్పుడే జాబ్ పెట్టినా.