సొంత వెబ్‌సైట్‌కు ఎంతమంది వస్తున్నారు: లాగ్‌ను నమ్మాలా, స్క్రిప్ట్‌నా?

అక్షరయాత్రి:
నా కథల సైట్‌కు సర్వర్ లాగ్ (సైట్ ఉన్న కంప్యూటర్ తనకొచ్చే ప్రతి అభ్యర్థననూ రాసుకునే చిట్టా) రోజుకు వందల మందిని చూపిస్తోంది, గూగుల్ అనలిటిక్స్ స్క్రిప్ట్ (చదివేవాళ్ల బ్రౌజర్‌లో నడిచి సందర్శనలు లెక్కపెట్టే చిన్న కోడ్) పదుల్లోనే చూపిస్తోంది. ఏది నిజం? అసలు సొంత సైట్‌కు ఆ స్క్రిప్ట్ ఉండాలా?

రాతిపలక:
ఉండాలండీ. లాగ్‌లో బాట్లే (మనుషులు కాదు, తమంతట తాము పేజీలు తెరిచే ప్రోగ్రాములు) ఎక్కువ. గూగుల్‌బాట్ లాంటివి పేరు చెప్పుకుని వస్తాయి కాబట్టి తీసేయొచ్చు. మామూలు క్రోమ్ బ్రౌజర్ వేషంలో వచ్చేవాటిని ఎలా పట్టుకుంటారు? పైగా హిట్ (సర్వర్‌కు వచ్చే ఒక్కో అభ్యర్థన) వేరు, సందర్శన వేరు. పేజీలో పన్నెండు బొమ్మలుంటే ఒక్కరు తెరిచినా పదమూడు వరసలు పడతాయి.

కిటికీపిట్ట:
బాట్ల మాట ఒప్పుకుంటాను. కానీ స్క్రిప్ట్ లెక్క మాత్రం సరైనదా? యాడ్ బ్లాకర్ (ప్రకటనలనూ ఇలాంటి స్క్రిప్ట్‌లనూ ఆపేది) ఉన్నవాళ్లు చాలావరకు అందులో కనబడరు. వచ్చినవాళ్లను మళ్లీ గుర్తుపట్టడానికి స్క్రిప్ట్ బ్రౌజర్‌లో పెట్టే కుకీ అనే గుర్తును సఫారీ బ్రౌజర్ 2019 నుంచి ఏడు రోజులకే చెరిపేస్తోంది. పది రోజులకోసారి శ్రద్ధగా వచ్చే పాఠకురాలు ప్రతిసారీ కొత్త మనిషే! ఆమే ఫోన్‌లో ఒకసారి, ఆఫీసు కంప్యూటర్‌లో ఒకసారి చదివితే ఇద్దరు. లాగ్‌లో దీనికి తిరగేసిన తప్పు: మొబైల్ నెట్‌వర్క్‌లో ఎంతోమంది ఒకే ఐపీ (ఇంటర్నెట్ చిరునామా) వెనక ఉంటారు, అందరూ ఒక్కరిలా కనబడతారు.

రెండూ అంచనాలే అయినప్పుడు, నన్ను నమ్మి కథ చదవడానికి వచ్చినవాళ్ల జాడ మూడో కంపెనీకి ఎందుకు పంపాలి? నాకది బాధగా ఉంటుంది. 2022లో ఆస్ట్రియా, ఫ్రాన్స్ డేటా రక్షణ సంస్థలు గూగుల్ అనలిటిక్స్ వాడిన సైట్లను తప్పుపట్టింది కూడా సమాచారం అమెరికాకు వెళ్తోందనే. నేను లాగ్‌ను గోఅక్సెస్ అనే లాగ్ చదివే ప్రోగ్రాంతో చూసుకుంటాను, అంతే.

రాతిపలక:
మీకు లాగ్ అందుతోంది కాబట్టి సరిపోయింది. గిట్‌హబ్ పేజెస్ అనే సైట్లు ఉంచే సేవలో సైట్ పెట్టుకున్నవాళ్లకు అది ఇవ్వరు కదా! ఇంకొకటి, పేజీ తెరిచి వెంటనే వెళ్లిపోయారా, చివరిదాకా చదివారా అన్నది లాగ్ చెప్పలేదు. రాసేవాడికి కావలసింది అదే.

కిటికీపిట్ట:
లాగ్ దొరకనివాళ్లకు గోట్‌కౌంటర్ అనే లెక్కింపు సాధనం ఉంది, కుకీలు పెట్టదు. ఇక చదవడం అంటారా, అనలిటిక్స్ కొత్త రూపంలో పది సెకన్లు దాటి పేజీ తెర మీద ఉంటే చాలు, ఆసక్తి చూపినట్టే లెక్క. పది సెకన్లలో కథలో మొదటి పేరా కూడా అవదండీ.

అక్షరయాత్రి:
నిన్న రాత్రి లాగ్‌లోంచి బొమ్మల వరసలు, పేరు చెప్పిన బాట్లు తీసేసి చూశాను. వందలు కాస్తా అరవై అయ్యాయి. వాటిలో రెండేళ్ల కిందటి కథకు ఇంకో సైట్ లింకు నుంచి రోజూ ముగ్గురు నలుగురు వస్తున్నారు. స్క్రిప్ట్ తీసేశాను. ఆ కథలో అచ్చుతప్పులు దిద్దుతున్నాను.