పాత మినీలో 848 తీసేసి 1275 ఇంజన్ వేయాలా, వద్దా?

నాలుగో_గేరు:
నా దగ్గర అరవైల నాటి మినీ ఉంది, ఆ బ్రిటిష్ చిన్న కారు. 848 సీసీ, బండితో పాటు వచ్చిన ఇంజనే. కొత్తలో 34 హార్స్‌పవర్ అంటారు, ఇప్పుడు అందులో ఎంత మిగిలిందో ఆ దేవుడికే తెలియాలి. ఊళ్లో తిరగడానికి ఏ ఇబ్బందీ లేదు, హైవే ఎక్కితేనే టెన్షన్. కాస్త ఎత్తు వస్తే మూడో గేరు, వెనక లారీ హారన్. గేర్‌బాక్స్‌తో సహా ఒక 1275 ఇంజన్ దొరికేలా ఉంది. వేసేయమంటారా? ఒరిజినల్ పాడు చేయకు అని ఒకరు, బండి ఉన్నది నడపడానికే కదా అని ఇంకొకరు, ఇద్దరూ కలిసి నా బుర్ర తింటున్నారు.

పాత_ఇనుము:
వద్దు. అందరూ ఇలాగే పెద్ద ఇంజన్లు వేసుకుంటూ పోబట్టే మొదటి ఇంజన్‌తో ఉన్న 848లు అరుదైపోయాయి. ఆ బండి సరదా అంతా ఉన్న కాస్త శక్తినీ చివరిదాకా పిండుకోవడంలోనే ఉంది. వేగం కావాలంటే వేరే కారు కొనుక్కోండి, దీన్ని వదిలేయండి.

రెండు_కార్బ్‌లు:
పాత ఇనుము గారూ, ఈ పని కంపెనీయే చేసింది కదండీ. 1959లో 848తో వచ్చిన బండికి 1961లో కూపర్ అని 997 వేశారు, 1963లో కూపర్ ఎస్ అని 1071, మరుసటి ఏడాది అందులోనే 1275, అది 76 హార్స్‌పవర్. 1964 మాంటే కార్లో ర్యాలీ గెలిచింది ఆ 1071 బండే. అన్నీ ఏ-సిరీస్ ఇంజన్లే, 1951లో ఆస్టిన్ ఏ30 కారులో 803 సీసీగా మొదలైన డిజైనే. పరాయి ఇంజన్ తెచ్చి కూర్చోబెడుతున్నట్టు మాట్లాడకండి.

బ్రేకు_ముందు:
కంపెనీ ఇంజన్‌తో పాటు ఇంకేం మార్చిందో కూడా చెప్పాలి కదా మీరు! 997కే ముందు చక్రాలకు 7 అంగుళాల డిస్క్ బ్రేకులు వేశారు, కూపర్ ఎస్‌కి 7.5 అంగుళాలవి. నాలుగో గేరు గారి బండికి నాలుగు వైపులా డ్రమ్ బ్రేకులే ఉండి ఉంటాయి. గంటకు 80లో వెళ్లే బండి 110లో వెళ్తే ఆపాల్సిన శక్తి దాదాపు రెట్టింపవుతుంది, ఎందుకంటే అది వేగం వర్గంతో పెరుగుతుంది. పెద్ద దిగుడులో ఆ చిన్న డ్రమ్ములు వేడెక్కి, పెడల్ తొక్కుతున్నా బండి ఆగకపోతే అప్పుడు ఒరిజినల్ గురించి తీరిగ్గా చర్చించుకోవచ్చు. ఇంకోటి, 1984 నుంచి వచ్చిన 8.4 అంగుళాల డిస్కులు కొనేరు, అవి 10 అంగుళాల చక్రంలో పట్టవు. 12 అంగుళాల చక్రాలు వేయాలి, ఆ తర్వాత మడ్‌గార్డుల పని, అలా పోతూనే ఉంటుంది.

రెండు_కార్బ్‌లు:
బ్రేకుల మాట ఒప్పుకుంటున్నా. కానీ అది ఇంజన్ వద్దనడానికి కారణం కాదు, ముందు బ్రేకులు చేయించమనడానికి కారణం.

వీటెక్_వీరుడు:
ఇంత గొడవెందుకు, హోండా ఇంజన్ వేసేయండి బ్రదర్.

సంప్‌లో_గేర్లు:
హోండా వీటెక్ ఇంజన్ అంటే ముందు ఇంజన్‌ను మోసే సబ్‌ఫ్రేమ్ కొత్తది కావాలి, ఒక్కోసారి బండి ముక్కు కూడా పొడిగించాలి. అది వేరే ప్రాజెక్ట్, ఇక్కడ వద్దు.

నాలుగో గేరు గారూ, మినీలో గేర్‌బాక్స్ ఇంజన్ కిందే, ఆయిల్ నిలిచే సంప్‌లోనే ఉంటుంది, రెండింటికీ ఒకటే ఆయిల్. అందుకే రెండూ కలిపి దించాలి, కలిపి ఎక్కించాలి. మీకు దొరికే బాక్స్ ఏ కాలం నాటిదో ముందు కనుక్కోండి. 1973లో రాడ్‌తో గేరు మార్చే బాక్స్ వచ్చింది, అదైతే గేరు రాడ్డు చోటు మారుతుంది, ఫ్లోర్‌లో పని ఉంటుంది, మీ పాత డ్రైవ్ షాఫ్టుల రబ్బరు కప్లింగులు దానికి సరిపోవు. ఫైనల్ డ్రైవ్, అంటే గేర్‌బాక్స్ నుంచి చక్రాలకు వెళ్లే చివరి గేరు నిష్పత్తి, అది కూడా అడగండి. మీది 3.76 అయ్యుంటుంది, 3.44 ఉన్న బాక్స్ పడితే అదే వేగానికి ఇంజన్ తిరుగుడు సుమారు 9 శాతం తగ్గుతుంది, హైవే మీద మీ చెవులకు తేడా తెలుస్తుంది. స్పీడోమీటర్ మాత్రం తక్కువ చూపిస్తుంది, దాన్నీ సరిచేయించాలి.

1275 బ్లాకులో సిలిండర్ల మధ్య గోడ సన్నం. ఇదివరకే బోరు చేయించిన, అంటే సిలిండర్లు వెడల్పు చేయించిన బ్లాకైతే ఇంకెంత మిగిలిందో కొలవకుండా డబ్బు చేతిలో పెట్టకండి. రేడియేటర్ కూడా పెద్దది కావాలి.

ఇవన్నీ అయ్యాక అసలు ప్రశ్న: మీ 848 సిలిండర్లలో గాలి బిగువు, అంటే కంప్రెషన్, ఎప్పుడైనా చూపించారా? వాల్వులు, టైమింగ్ సరిగ్గా లేకపోతే ఆ 34లో సగం కూడా చక్రాల దాకా రాదు. నీరసంగా ఉన్న ఇంజన్‌ను చూసి చిన్న ఇంజన్ అనుకోవడం మామూలే.

ఫియట్_పిచ్చి:
మాది ఫియట్ 500. 499.5 సీసీ, 18 హార్స్‌పవర్, మీ బాధలు మాకు లగ్జరీ. 126 మోడల్ 652 ఇంజన్ వేశాను, పాతది ఆయిల్ పోసి చుట్టి దాచాను. ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి వేసుకోవచ్చు. ఒక్క రంధ్రం కొత్తగా కొట్టలేదు. పాత ఇనుము గారికి దీని మీద అభ్యంతరం ఏమిటో చెప్పాలి.

పాత_ఇనుము:
ఇలా చేస్తే అభ్యంతరం లేదు. ఫ్లోర్ కోయడం, మడ్‌గార్డులు కోయడం మీదే నా కోపం. దాచిన ఇంజన్ అమ్మేయకపోతే చాలు, చాలామంది రెండేళ్లకే అమ్మేస్తారు. అన్నట్టు రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కాగితాల్లో ఇంజన్ నంబర్ మార్పించుకోండి, యాక్సిడెంట్ అయ్యాక గుర్తొస్తే లాభం లేదు.

నాలుగో_గేరు:
సరే, ముందు కంప్రెషన్ చూపిస్తాను. అది ఎలా వచ్చినా 7.5 డిస్కులు మాత్రం ఖాయం. ఆ 1275 బాక్స్ రాడ్ రకమైతే వదిలేస్తాను, ఫ్లోర్ కోయించే ఉద్దేశం లేదు. ఒక్క సందేహం, డిస్కులు వేస్తే సర్వో, అంటే పెడల్ తొక్కుడుకు సాయపడే పరికరం, తప్పనిసరా?

బ్రేకు_ముందు:
తప్పనిసరి కాదు. కూపర్ ఎస్‌కి ఉండేది. లేకపోతే పెడల్ గట్టిగా తొక్కాలి, అంతే. వెనక డ్రమ్ముల సిలిండర్లు మాత్రం పెద్దవి వేయించకండి, గట్టిగా బ్రేక్ వేసినప్పుడు వెనక చక్రాలు ముందే లాక్ అవుతాయి.