కిల్కెన్నీ వర్క్‌హౌస్ ఎముకలు: పరీక్షించాక అన్నీ మళ్లీ పూడ్చేయడం కరెక్టేనా?

పాతఇటుక:
ఐర్లండ్‌లో కిల్కెన్నీ ఊళ్లో మెక్‌డొనా జంక్షన్ అని షాపింగ్ సెంటర్ ఉంది. ఒకప్పుడు ఆ చోట వర్క్‌హౌస్ ఉండేది, అంటే గతిలేని పేదల్ని లోపల పెట్టుకుని పని చేయించి ఇంత తిండి పెట్టే చోటు. 2005లో అక్కడ మాల్ కట్టబోతుంటే ఎముకలు బయటపడ్డాయి. 2006లో పద్ధతిగా తవ్వితే 63 గోతుల్లో దాదాపు 970 మంది తేలారు, సగానికి పైగా పిల్లలే. అందరూ 1847–1851 మధ్య, బంగాళాదుంప తెగులుతో వచ్చిన కరువులో పోయినవాళ్లు. పరీక్షలయ్యాక 2010లో అక్కడే స్మారక తోటలో అందరినీ తిరిగి పెట్టేశారు. నాకు నచ్చనిది ఇదే. రేపు ఇంకా మంచి పరీక్షలొస్తే ఎక్కడికెళ్లి చూస్తాం? కొన్నైనా ల్యాబ్‌లో ఉంచాల్సింది.

గోదారిగట్టు:
ఉంచడమేంటన్నా? వర్క్‌హౌస్ గడప దాటగానే మొగుణ్ణి ఒక వార్డుకీ, పెళ్లాన్ని ఇంకో వార్డుకీ, పిల్లల్ని మరో వార్డుకీ పంపేవాళ్లు. బతికుండగా అలా విడదీశారు, పోయాక కూడా ఎముక ఎముకకీ నంబరేసి అలమారాలో పెడతామంటే ఎలా? అయినా తవ్వింది వాళ్ల మీద ప్రేమతో కాదు, మాల్ కోసం.

డబ్లిన్‌నర్స్:
మాల్ కోసమే, ఒప్పుకుంటా. కానీ తవ్వకపోతే ఈ సంగతి తెలిసేదా? సగం మందికి పైగా ఎముకల్లో స్కర్వీ, అంటే విటమిన్ సి అందక వచ్చే జబ్బు, గుర్తులున్నాయి. అక్కడి పేదలకు విటమిన్ సి వచ్చేది ప్రధానంగా బంగాళాదుంపల నుంచే, అవి కుళ్లిపోయాక అమెరికా నుంచి తెప్పించిన మొక్కజొన్న పిండి పెట్టారు, దాంట్లో ఆ విటమిన్ ఉండదు. మొక్కజొన్న తింటే దంతాల్లో కార్బన్ తీరు మారుతుంది, పిల్లల దంతాల్లో అది చూసి, తిండి మొక్కజొన్నకి ఎప్పుడు మారిందో కూడా పట్టుకున్నారు. వాళ్లని పీడించినవి జ్వరాలూ విరేచనాలే కాదు, కడుపు నిండినా జబ్బు చేసే ఆ తిండి కూడా! ఇంత వివరం ఏ రిజిస్టరులో రాసి ఉంటుంది చెప్పండి.

గోదారిగట్టు:
తెలిసింది కదమ్మా, సంతోషం. పనైపోయింది కాబట్టి పంపించేయండంటున్నా.

పాతఇటుక:
ఇంకోటి గమనించావా? ఆ గోతుల్లో శవాల్ని పెట్టెల్లో పెట్టి ఒకదాని మీద ఒకటి పేర్చారు. ఐర్లండ్‌లోనే స్కిబెరీన్ ఊరి వైపు అడుగు తెరుచుకునే ఒకే పెట్టెని అందరికీ మార్చి మార్చి వాడారని చెప్పుకుంటారు. 1300 మందికి కట్టిన కిల్కెన్నీ వర్క్‌హౌస్‌లో 1851 నాటికి నాలుగు వేలు దాటాక కూడా పెట్టె ఇచ్చారంటే, నడిపినవాళ్లకి కాస్త సిగ్గు మిగిలే ఉందన్నమాట. ఇలాంటివి మట్టి చెప్తుంది.

సీమబిడ్డ:
అక్కడిది చూస్తే నాకు మన ధాత కరువే గుర్తొస్తోంది. 1877లో రిచర్డ్ టెంపుల్ అనే బ్రిటిష్ అధికారి కరువు పనుల కూలీకి రోజుకి ఒక పౌను ధాన్యం, ఒక అణా అని లెక్కకట్టాడు. సీమలో ఆ పనుల దగ్గర పోయినవాళ్లకి గుర్తుగా ఒక రాయైనా చూశారా మీరెవరైనా? నేను చూళ్లేదు. ఐర్లండ్ వాళ్లు తోటైనా కట్టారు, మనం పూడ్చాలా దాచాలా అని కొట్టుకునే దశకి కూడా రాలేదు. సరే, టాపిక్ పక్కకెళ్తోంది.

డబ్లిన్‌నర్స్:
పక్కకేం కాదు. ఐర్లండ్‌లోనే ట్యూమ్ అనే ఊళ్లో కూడా పాత వర్క్‌హౌస్ భవనంలోనే తల్లీబిడ్డల హోమ్, అంటే పెళ్లికాని తల్లుల్నీ వాళ్ల బిడ్డల్నీ ఉంచే చోటు, నడిచింది, 1961 దాకా. అక్కడ పోయిన 796 మంది పిల్లల పేర్లు దొరికాయి, తోబుట్టువులు ఇంకా బతికున్నారు, అందుకే 2025లో మొదలైన తవ్వకంలో డీఎన్ఏ తీసి గుర్తుపట్టి అప్పగించాలని చూస్తున్నారు. అక్కడ అడగడానికి మనుషులున్నారు. కిల్కెన్నీ వాళ్ల తరఫున ఎవర్నని అడుగుతాం?

గోదారిగట్టు:
అడిగే దిక్కు లేనప్పుడే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మనిషికో పన్ను తీసి దాచుకోండి, ఒప్పుకుంటా. పుర్రెల్ని అద్దాల పెట్టెలో పెట్టి టికెట్టు అమ్మితే మాత్రం ఊరుకోను.

పాతఇటుక:
టికెట్టు మాట నేనెత్తలేదు తమ్ముడూ. కానీ పన్ను ఒక్కటీ చాలదు, స్కర్వీ గుర్తులు బాగా కనబడేది పుర్రె మీదే.